ఆరంటున్నారు, మూడెందుకు కాదు?

పుదుచ్చేరిలో ఓ తాపీమేస్త్రీ కౌన్సెలర్ ముందు కూర్చున్నాడనుకుందాం. "మందు మానాలని మీకు ఎంత ఉంది? 10కి ఎంత వేసుకుంటారు?" "6."

ఇంట్లోవాళ్లయితే "పదెందుకు కాదూ?" అని మీదపడతారు. కౌన్సెలర్ మాత్రం "మూడెందుకు కాదు?" అని అడుగుతాడు. మొదటి ప్రశ్నకు సాకులే వస్తాయి. రెండోదానికైతే మానాల్సిన కారణాలు మేస్త్రీయే చెప్పుకోవాలి: పిల్ల దగ్గరికి రావడం లేదు, పొద్దున చేతికి పని అందడం లేదు. ఎవరో చేసిన బోధ కన్నా తన నోటి మాటే మనిషిని గట్టిగా పట్టుకుంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతికి పునాది పడింది.

ఇలాంటి చికిత్స నాలుగైదుసార్లు కలిస్తే ముగుస్తుంది. పుదుచ్చేరికి అది అవసరం కూడా. పన్ను తక్కువ కాబట్టి పక్క రాష్ట్రం కన్నా ఇక్కడ మందు చవక. గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రిలో ఓపీ జనం సంగతి వెళ్లినవాళ్లకు తెలుసు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని మన యానాం నుంచి రావాలంటే 800 కిలోమీటర్ల పైమాటే. వారం వారం ఏడాదిపాటు రమ్మంటే ఎవరొస్తారు?

తక్కువసార్లయితే పనిచేస్తుందా? చవక మందుకు పేరుపడ్డ మరో తీరం గోవాలో పరీక్షించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హానికరంగా తాగుతున్న 377 మంది మగవాళ్లను తీసుకుని, సగం మందికి మామూలు వైద్యంతోపాటు ఇలాంటి కౌన్సెలింగ్ ఇచ్చారు. గరిష్ఠంగా 4 సార్లు. ఇచ్చింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. 3 నెలల తర్వాత అడిగితే, గత 14 రోజుల్లో చుక్క ముట్టనివాళ్లు కౌన్సెలింగ్ వైపు 42 శాతం, మరోవైపు 18 శాతం. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది. సగానికి పైగా మానలేదన్నదీ అందులోనే ఉంది. నాకైతే అందుకే నమ్మబుద్ధేస్తుంది.

ఒక హెచ్చరిక. పొద్దున్నే మందు పడకపోతే చేతులు వణికేవాళ్లు ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వాళ్లకు ముందు ఆసుపత్రి, మందులు. మాటలు ఆ తర్వాత.

చివరిసారి మేస్త్రీ తలొంచుకుని వస్తాడు. శనివారం తాగాడట. కౌన్సెలర్ తిట్టడు. కూలి చేతికందింది ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు, ఇంటికి ఏ దారిన వచ్చాడు అని అడుగుతాడు. వచ్చే శనివారం కూలి డబ్బు ముందుగా భార్య చేతికి ఎలా చేరాలో ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకుంటారు.