తొలి కాన్పు సిజేరియన్ అయినా మలి కాన్పు సహజంగా సాధ్యమే

మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోదీ సిజేరియన్ తప్పదన్న అభిప్రాయం సమాజంలో బలంగా నాటుకుపోయింది. అయితే గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోత పెట్టి ఒకసారి శస్త్రచికిత్స చేసిన మహిళల్లో ఎక్కువ మందికి సహజ ప్రసవం సాధ్యమేనని వైద్యశాస్త్రం చెబుతోంది. ఇందుకు ప్రయత్నించిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు సఫలమవుతున్నారు. అంతకుముందు ఒక్కసారైనా సహజంగా ప్రసవించిన వారిలో ఈ అవకాశం 85 నుంచి 90 శాతం వరకు ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ అంశం మరింత కీలకం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం కాగా, తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. ఆ మహిళల్లో మరోసారి గర్భం దాల్చిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది.

పాత భావనకు మూలం

‘ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే’ అన్న మాట 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఆ రోజుల్లో గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసేవారు. తర్వాతి కాన్పు నొప్పుల ఒత్తిడికి ఆ మచ్చ విడిపోయే ప్రమాదం అధికం. అనంతర కాలంలో కింది భాగాన అడ్డకోత పద్ధతి స్థిరపడింది. శస్త్రచికిత్స తీరు మారినా, ఆ మాట మాత్రం నిలిచిపోయింది.

ప్రయోజనాలు ఏమిటి?

సహజ ప్రసవమైన తల్లి త్వరగా కోలుకుంటుంది. మరో పెద్ద శస్త్రచికిత్స, దాని వెంట వచ్చే ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు తప్పుతాయి. శిశువుకు పుట్టిన వెంటనే తలెత్తే శ్వాస ఇబ్బందులూ తగ్గుతాయి. ముఖ్యమైన మేలు భవిష్యత్తుకు సంబంధించినది. సిజేరియన్ల సంఖ్య పెరిగే కొద్దీ తదుపరి గర్భంలో మాయ పాత మచ్చలోకి చొచ్చుకుపోయి, ప్రాణాంతక రక్తస్రావానికి దారితీసే అవకాశం పెరుగుతుంది.

ముప్పు లేకపోలేదు

నొప్పుల సమయంలో పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. ఇది అరుదే అయినా తల్లికి, బిడ్డకు ప్రాణాపాయం కలిగించగలదు. మందులతో నొప్పులు రప్పిస్తే ఈ ముప్పు పెరుగుతుంది. ప్రయత్నం విఫలమై అత్యవసరంగా చేసే సిజేరియన్‌లో, ముందుగా నిర్ణయించుకుని చేసే సిజేరియన్ కన్నా సమస్యలు ఎక్కువ. గర్భసంచిపై నిలువు కోత ఉన్నవారికి, గతంలో గర్భసంచి చిట్లినవారికి, మాయ గర్భాశయ ద్వారానికి అడ్డుగా ఉన్నవారికి ఈ ప్రయత్నం తగదు. రెండు ప్రసవాల మధ్య ఏడాదిన్నర కన్నా తక్కువ వ్యవధి ఉంటే అదనపు జాగ్రత్త అవసరం.

ఏం చేయాలి?

పొట్టపై కనిపించే మచ్చను బట్టి లోపల గర్భసంచిపై కోత ఎలా ఉందో చెప్పలేము. అందువల్ల తొలి కాన్పు నాటి డిశ్చార్జి పత్రాలను, శస్త్రచికిత్స వివరాలను భద్రపరచుకుని, మలి గర్భం తొలి నెలల్లోనే వైద్యులకు చూపాలి. బిడ్డ గుండె స్పందనను నిరంతరం గమనించే ఏర్పాటు, మత్తు వైద్యులు, రక్తనిధి, అవసరమైన వెంటనే శస్త్రచికిత్స చేయగల సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం జరగాలి. ఇంట్లోగానీ, ఆపరేషన్ సౌకర్యం లేని కేంద్రంలోగానీ దీనికి పూనుకోరాదు. సాధకబాధకాలను వైద్యులు వివరించిన తర్వాత, తుది నిర్ణయంలో గర్భిణి మాటకే ప్రాధాన్యం ఉండాలి.