పోలిన పత్రములను పట్టుట యెట్లు?

మొన్న కావలిలోని మా యింట మావారి కంప్యూటరును సర్దుచుండగా ఒకే ప్రశ్నాపత్రమునకు తొమ్మిది ప్రతులు కనబడినవి. ఒకదానిలో తేది మారినది, ఒకదానిలో మార్కులు మారినవి. బడికి పోయినది ఏదో ఆయనకే తెలియలేదు! తొమ్మిదింటికే యిట్లయినచో, వేలకొలది ఫైళ్లను శోధించు నేరపరిశోధకుల గతి యేమి?

2009లో హైదరాబాదున సత్యం కంపెనీ మోసము బయటపడిన పిదప సి.బి.ఐ. వారు 7,561 దొంగ ఇన్వాయిసులను లెక్కించిరి. అన్ని పత్రములను రెండేసి చొప్పున పోల్చవలెనన్న 2,85,80,580 జంటలగును. అచ్చట నేపద్ధతి నవలంబించిరో చెప్పుట మా యుద్దేశము కాదు. పని యెంతటిదో తెలియుటకే యీ లెక్క.

సోదరీమణులారా, ప్రతి ఫైలునకును హాష్ అను ముద్ర యొకటి గణితముచే నేర్పడును. రెండు ఫైళ్లు అక్షరాలా ఒకటే యైనచో ముద్రలును ఒకటే. భారతీయ సాక్ష్య అధినియమము, 2023 ననుసరించి కోర్టున దాఖలుచేయు ధ్రువపత్రమునందును ఈ ముద్రను చూపవలసియున్నది. కాని ఒక్క కామా చేర్చిన చాలును, ముద్ర సమూలముగ మారిపోవును. దొంగకు ఇంతకంటె సులభోపాయమేల?

పూర్వము కడపలో బ్రౌను దొర ఒకే కావ్యముయొక్క పెక్కు తాళపత్ర ప్రతులను సేకరించి పండితులచే పోల్పించెను. ఒక ప్రతిలో పద్యమొకటి హెచ్చినను తక్కిన పద్యములు గుర్తుపట్టరానివి కావు గదా! 2006లో జెస్సీ కార్న్‌బ్లమ్ ప్రకటించిన ఎస్ఎస్‌డీప్ అను సాధనము ఇంచుమించు ఇట్లే నడచును. అది ఫైలును కొలతప్రకారము కోయదు. అట్లు కోసినచో మొదట నొకమాట చేర్చగానే ముక్కలన్నియు జరిగిపోవును. ఏడేసి బైట్లను వరుసగా చూచుచు, వాని గణితము ఒక నియత సంఖ్యకు వచ్చినచోటనే కోయును. ముక్క కొక గుర్తక్షరము. ఒకచోట దిద్దినచో ఆ చుట్టుపట్ల గుర్తులే మారును, తక్కినవి చెక్కుచెదరవు.

ఇక వేగమందురా? రెండు గుర్తుల వరుసలలో ఏడక్షరముల తునక యొకటియైన ఉమ్మడిగా లేనిచో వానిని పోల్చనే పోల్చరు. అట్టి తునకలకు ముందుగనే సూచిక వ్రాసి యుంచుకొన్నచో, క్రొత్త ఫైలు రాగానే దాని చుట్టములను మాత్రమే పిలిచి చూడవచ్చును.

అయితే సున్న మొదలు నూరువరకు వచ్చు ఆ మార్కు నేరమునకు సాక్ష్యము కాదు. ఒకే అచ్చుపత్రముపై వ్రాసిన రెండు నిజమైన రసీదులును పోలియే యుండును. అంతమాత్రమున వ్రాసినవానిని దొంగ యనవచ్చునా? చిన్న ఫైళ్లకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు కూడ. యంత్రము ఏరి యిచ్చిన జంటను మనుష్యుడు తెరచి పంక్తి పంక్తియు చదువవలసినదే. మావారి తొమ్మిది ప్రతులను మేమును అట్లే కూర్చుండి చదివితిమి. బడికి పోయినది నాలుగవది.