తాలింపు లేని ఆకాశం

శ్రీహరికోట నుండి రాకెట్టు బయలుదేరే నాడు తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల పల్లెల్లో జనం మిద్దెలెక్కి ఈశాన్య దిక్కుకు చూడటం పరిపాటి. తిరుత్తణికి ఆ దీవి సరళరేఖలో సుమారు 90 కిలోమీటర్లు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ప్రయోగం జరిగితే నిప్పుకణిక వంటిది పైకి లేచి, సముద్రం వైపు వాలుతూ పోవడం కనిపిస్తుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. కోటలో తొలి రాకెట్టు ఎగిరిన 1971 నాటికే నడుమ సరిహద్దు వెలసింది; చూసే కళ్లు మాత్రం ఇరువైపులా తెలుగువే.

గగనయాన్ వ్యోమగాములకు నిర్ణయించిన ప్రయోగస్థలం కూడా ఆ దీవియే. మనిషి వెళ్తే వెంట అన్నం వెళ్లాలి. అక్కడ వండుకోరాదా అని పిల్లలు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే.

భూమి ఆకర్షణ అక్కడ లేదనుకోవడం పొరపాటు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా అది దాదాపు పదింట తొమ్మిది వంతులుంటుంది. అయితే నౌకా, మనిషీ, గిన్నే అన్నీ కలిసి భూమి చుట్టూ ఎడతెగక పడిపోతూనే ఉంటాయి. కనుక దేనికీ బరువు తెలియదు. మన పొయ్యి మీద వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లనిది అడుగుకు దిగుతుంది. బరువే తెలియనిచోట ఆ రాకపోకలుండవు. బుడగలు పైకి తేలవు, మంట నాలుక చాచక గుండ్రంగా ముడుచుకుంటుంది. బాణలిలో నూనె నిలవదు. చిటపటలాడిన ఆవాలు తిరిగి కింద పడవు, గదంతా విహరిస్తాయి.

అందుచేత వంట నేల మీదనే ముగుస్తుంది. 1984లో రాకేశ్ శర్మ కోసం భారతీయ వంటకాలను సిద్ధం చేసినది మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనాలయం. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా వెంట క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం వెళ్లాయి. రొట్టెముక్కల పొడి గాలిలో తేలి కంటిలోనో యంత్రంలోనో పడితే ప్రమాదం. అందుకే 1985లో మెక్సికో వ్యోమగామి నెరి వేలా తీసుకువెళ్లిన పలుచని రొట్టెలు తరువాత అందరికీ అలవాటయ్యాయి. ఉప్పు, మిరియాలు కూడా ద్రవరూపంలోనే ఇస్తారు. ఆ లెక్కన చూస్తే అటుకుల కన్న మన రాగి సంకటి మేలు. తడిగా అంటుకొని ఉండేది చెంచాను వదలదు.

అక్కడ ఆహారం చెడితే వైద్యుడు చేరలేడు. కాబట్టి రెండు ఉపాయాలు. ఒకటి, వండినదాన్ని గడ్డకట్టించి, గాలి తీసివేసిన గదిలో మంచును నేరుగా ఆవిరిగా తోలివేయడం. వేడినీరు కలిపితే మళ్లీ తిండి అవుతుంది. మన ఒరుగులకు, వడియాలకు ఎండ చేసే పని కూడా నీటిని తీసివేయడమే. నీరు లేనిదే సూక్ష్మజీవి పెరగదు. వానాకాలంలో డబ్బా మూత వదులైతే వడియాలకు బూజు పట్టేది ఇందువల్లనే.

రెండవది, సంచిలో మూసి ఒత్తిడిలో సుమారు 120 డిగ్రీల దాకా కాచడం. ఇంటి కుక్కరూ ఆ వేడికి దగ్గరగా వెళ్తుంది. తేడా ఒక్కటే: సంచి తినే దాకా తెరుచుకోదు, కుక్కరు మూత వంట కాగానే తీస్తాము. తీసిన క్షణం నుండి సూక్ష్మజీవులకు తలుపు తెరిచినట్లే. రాత్రి పప్పును మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచి ఉదయం పిల్లల క్యారియరులో పెట్టే ఇళ్లు, ముఖ్యంగా వేసవిలో, ఆ అలవాటు మానుకోవాలి.