బంతి ఉంది... కోర్టేదీ?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏ గల్లీకైనా వెళ్లండి. టెన్నిస్ బంతి కనిపించకపోతే అడగండి! కాకపోతే దాన్ని కొట్టేది రాకెట్‌తో కాదు, క్రికెట్ బ్యాట్‌తో. కిరాణా కొట్లో కూడా దొరికే ఆ బంతి అసలు ఏ ఆట కోసం పుట్టిందో, ఆ ఆటను మాత్రం ఇక్కడి పిల్లల్లో చాలామంది టీవీలోనే చూశారు.

ఇష్టం లేక కాదు. చోటు లేక.

కబడ్డీకి నేలమీద గీతలు గీస్తే చాలు. వాలీబాల్‌కు రెండు కర్రలు, ఒక వల. టెన్నిస్ అలా కాదు. బంతి ప్రతిసారీ ఒకేలా లేవాలి. చిన్న గుంత పడ్డా, గులకరాయి తగిలినా ఆట ఆటలా ఉండదు. అందుకే ఇది మొదట్నుంచీ నేలను రోజూ చూసుకోగల స్తోమత ఉన్నవాళ్ల దగ్గరే ఉండిపోయింది. జిల్లా కేంద్రాల్లో టెన్నిస్ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఆఫీసర్స్ క్లబ్బే. సాయంత్రం ఆఫీసయ్యాక తెల్ల బూట్లు, తెల్ల నిక్కర్లు... సభ్యత్వం ఉంటేనే లోపలికి. మిగతావాళ్లంతా గోడకు ఇవతల.

సాన్పి చల్లిన కోర్టులు

అలాగని టెన్నిస్ అంటే ఖరీదైన నీలిరంగు కోర్టే అనుకోనక్కర్లేదు. ఆరేళ్ల వయసులో హైదరాబాద్‌లో రాకెట్ పట్టిన సానియా మీర్జా, తాను చిన్నప్పుడు ఆవుపేడతో అలికిన కోర్టుల మీద ఆడానని చాలాసార్లు చెప్పింది. ఆ అమ్మాయే 2005 ఫిబ్రవరిలో సొంతూళ్లో జరిగిన హైదరాబాద్ ఓపెన్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకుముందు ఏ భారతీయురాలికీ అది దక్కలేదు.

పేడ కోర్టు సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వాకిట్లో సాన్పి చల్లితే దుమ్ము ఎలా అణుగుతుందో అక్కడా అంతే. కింద మొరం పోసి, రోలర్‌తో తొక్కించి, పైన మెత్తటి మట్టి పరిచి, పేడనీళ్లతో అలుకుతారు. మొరానికి పాలమూరులో కరవు లేదు. కరవల్లా నీటికే! మట్టి కోర్టును రోజూ తడపాలి. ఎండాకాలం నాలుగు రోజులు వదిలేస్తే దుమ్ము లేస్తుంది. అందుకే ఇప్పుడు అందరూ కాంక్రీటు లేదా తారు పునాది మీద యాక్రిలిక్ పూత వేసే కోర్టులే అడుగుతున్నారు. అయితే రేగడి నేల ఉన్నచోట జాగ్రత్త పడాల్సిందే. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాన్ని తవ్వి తీసేసి మొరం నింపకుండా పైపైన కాంక్రీటు పోస్తే, రిబ్బన్ కత్తిరించిన ఏడాదికే నెర్రెలు కనిపిస్తాయి.

ఆడినందుకు అరెస్టు

క్లబ్బు గోడ మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నదే. పార్కుల్లో, అందరి సొమ్ముతో కట్టిన కోర్టులున్న చోట ఆ గోడ కాస్త తగ్గింది. వీనస్, సెరెనా విలియమ్స్ ఆట నేర్చుకున్నది కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో, ప్రజల కోర్టుల మీదే. 1975లో వింబుల్డన్ గెలిచిన ఆర్థర్ యాష్ వాళ్ల నాన్న రిచ్‌మండ్‌లో నల్లవాళ్లకు కేటాయించిన ఒక పార్కుకు కాపలాదారు. ఇంటి పక్కనే కోర్టులు. పిల్లాడి చేతికి రాకెట్ రావడానికి ఇంకేం కావాలి? అదే ఊళ్లో తెల్లవాళ్ల పార్కు కోర్టుల్లోకి మాత్రం అతణ్ని రానివ్వలేదు.

ఇలాంటి అడ్డంకి మీదే ఒక ఊరి టెన్నిస్ క్లబ్ తిరగబడింది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డ్రూయిడ్ హిల్ పార్కు ఉంది. అప్పట్లో అక్కడ తెల్లవాళ్లకు వేరే కోర్టులు, నల్లవాళ్లకు వేరే. 1948 జులై 11న బాల్టిమోర్ టెన్నిస్ క్లబ్ సభ్యులు కొందరు, తెల్ల యువతీ యువకులతో కలిసి తెల్లవాళ్ల కోర్టుల్లోకి వెళ్లి ఆట మొదలుపెట్టారు. నినాదాల్లేవు, రాళ్లు రువ్వడాల్లేవు. ఆడటమే నిరసన! పోలీసులు వచ్చి ఇరవై మందికి పైగా పట్టుకుపోయారు. ప్రసిద్ధ పాత్రికేయుడు హెచ్.ఎల్.మెన్కెన్ ఆ ఏడాది నవంబరులో తన ఆఖరి పత్రికా వ్యాసాన్ని ఈ అరెస్టుల మీదే రాశాడు. పన్నులు కట్టే జనం తమ పార్కులో కలిసి ఆడుకుంటే పార్కుల బోర్డుకు ఏం హక్కుందని అడ్డుకుంటుందని నిలదీశాడు. కోర్టు శిక్షలు మాత్రం ఆగలేదు.

బ్రిటన్‌ది ఇంకో రకం కథ. అక్కడ పార్కుల నిండా కోర్టులున్నా ఆడే వీల్లేకుండా పాడైపోయాయి. ప్రభుత్వం, లాన్ టెన్నిస్ అసోసియేషన్ కలిసి దాదాపు 3 కోట్ల పౌండ్లు పెట్టి 2024 నాటికి 3,000కు పైగా కోర్టులను బాగుచేశాయి. పూత వేసి వదిలేయలేదు. ఫోన్‌లో బుక్ చేసుకుంటే తెరుచుకునే గేట్లు పెట్టాయి. వారానికోసారి ఉచిత ఆట ఏర్పాటుచేశాయి. రాకెట్, బంతులు కూడా అక్కడే ఇస్తారు. అసలు మెచ్చుకోవాల్సింది దీన్నే. స్టేడియం కట్టడం మనకూ వచ్చు... తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్నదే ఎప్పుడూ తేలదు.

ఆరున్నర గుంటలు చాలు

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టినప్పుడు వాలీబాల్, కబడ్డీ, ఖోఖో లాంటి ఆటలకు చోటిచ్చారు. టెన్నిస్ ఊసు లేదు. పల్లెవరకు అది సబబే. కానీ జిల్లా కేంద్రం సంగతేమిటి? 2016 అక్టోబరులో, ఆ తర్వాత 2019లో జరిగిన విభజనలతో ఒకనాటి నల్గొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ ఐదైంది. అంటే ఎనిమిది జిల్లా కేంద్రాలు. వాటిలో ప్రతిచోటా సభ్యత్వం అడగని కోర్టు ఒక్కటైనా ఉండాలనుకోవడం అత్యాశేమీ కాదు.

కావాల్సిన నేల కూడా తక్కువే. గీతల లోపలి కోర్టు పొడవు 78 అడుగులు, డబుల్స్‌కు వెడల్పు 36 అడుగులు. చుట్టూ పరుగెత్తే జాగా కలిపితే 120 అడుగులు, 60 అడుగులు. మొత్తం 800 గజాలు... మన లెక్కలో ఆరున్నర గుంటల పైచిలుకు. అరెకరం దొరికితే మూడు కోర్టులకు సరిపోయేంత నేల!

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి అర్జీ పట్టుకుపోయే ఆటగాళ్లు 'కోర్టు కావాలి' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే లాభం లేదు. కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలని రాయాలి. లేదంటే పొద్దునా సాయంత్రం ఒకవైపు ఆడేవాళ్ల కళ్లల్లో ఎండ కొడుతుంది. వాన నీరు నిలవకుండా పదడుగులకు అంగుళం చొప్పున ఒకవైపుకే వాలు ఇవ్వాలని రాయాలి. పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి కాబట్టి ఆ డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో కాంట్రాక్టు రోజే తేల్చమనాలి. గేటు మీద వేళల బోర్డు ఉండాలి. బడి మొదలయ్యేముందు, బడి వదిలాక కోర్టు పిల్లలదే. చీకటి పడ్డాక లైట్ల కింద పెద్దలు ఎంతసేపైనా ఆడుకోవచ్చు.