పసుపు మరకకు ఎన్ని డిగ్రీలు?

మా అమ్మాయి బడిలో పడి మోకాలు చీరుకుపోయి వచ్చిన రోజు, తెల్ల యూనిఫాం మీద రక్తం వదలాలని మిషన్‌ను 60 డిగ్రీల దగ్గరికి తిప్పాను. నీళ్లు ఎంత వేడిగా ఉంటే మురికి అంత బాగా పోతుందని నా నమ్మకం. బయటికి తీసి చూస్తే ఎర్ర మరక కాస్తా గోధుమరంగు మచ్చగా మారి గుడ్డకు అంటుకుపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఉతికినా అది వదల్లేదు.

అలా ఎందుకయిందో వంటింట్లో రోజూ చూస్తూనే ఉంటాం. గుడ్డు పగలగొడుతుంటే చేతికంటిన తెల్లసొన నీళ్లకే పోతుంది. అదే పెనం మీద గట్టిపడితే గరిటెతో గీకాలి. రక్తంలో, పాలలో, గుడ్డులో ఉండేవి ప్రోటీన్లు. వేడి తగిలితే వాటి ముడులు విడిపోయి, ఒకదానితో ఒకటి అల్లుకుని, నూలు పోగుల సందుల్లో బిగుసుకుంటాయి. అందుకే రక్తం మరకకూ, పసిబిడ్డ పాలు కక్కిన గుడ్డకూ మొదట చన్నీళ్లే. మే నెల మధ్యాహ్నం బెజవాడ మేడ మీది ట్యాంకు నీళ్లు చన్నీళ్ల లెక్కలోకి రావు. ఆ మరకలకు పొద్దున్నే పట్టిపెట్టుకున్న నీళ్లు కావాలి.

మరి వేడి దేనికి? జర్మనీలోని హెంకెల్ కంపెనీ రసాయన నిపుణుడు హెర్బర్ట్ సిన్నర్ 1959లో దీన్ని చక్కగా చెప్పాడు. బట్ట శుభ్రపడటానికి నాలుగు తోడ్పడతాయి: వేడి, రసాయనం, రాపిడి, సమయం. ఒకటి తగ్గితే మిగతావి ఆ లోటు పూడ్చాలి. మన చాకిరేవుల్లో ఈ నాలుగూ ఉండేవి. ఉబ్బలో ఆవిరి వేడి, చవుడులో క్షారం, బండ మీద బాదుడు, రాత్రంతా నానబెట్టడం. మిషన్లో ఎకో ప్రోగ్రాం మూడు గంటలు ఎందుకు తిరుగుతుందని చాలామంది విసుక్కుంటారు. వేడి తగ్గించి, ఆ లోటును సమయంతో పూడుస్తుంది కాబట్టి.

గత వందేళ్లలో ఎక్కువగా మారింది రసాయనం. 1907లో హెంకెల్ తెచ్చిన పెర్సిల్ పొడిలోని పెర్బరేట్ అనే బ్లీచు సరిగా పనిచేయాలంటే నీళ్లు బాగా కాగాలి. 1913లో ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములను ఉతుకుడు పొడిలో కలిపాడు. 1960లలో బ్యాక్టీరియా నుంచి ప్రోటీన్‌ను కోసే ఎంజైములు, 1988లో కొవ్వును కోసే లైపేజ్ బజారుకు వచ్చాయి. గంజి, సాంబారు వంటి పిండిమరకలకు అమైలేజ్ ఉంది. ఈ ఎంజైములన్నీ గోరువెచ్చని నీళ్లలోనే బాగా పనిచేస్తాయి. ఎంజైములు కూడా ప్రోటీన్లే మరి. 60 దాటి వేడెక్కేకొద్దీ గుడ్డు ఉడికినట్టే వాటి రూపం చెడి, పని ఆగిపోతుంది. ఖరీదైన పొడి వేసి 90 డిగ్రీలకు తిప్పితే, ఆ పొడిలో మనం డబ్బు పెట్టి కొన్న ముఖ్యమైన పదార్థాన్ని ఉడకబెట్టినట్టే.

కరెంటు లెక్క కూడా చూద్దాం. ఫ్రంట్ లోడ్ మిషన్ 15 లీటర్ల నీళ్లు వేడి చేస్తుందనుకుందాం. మన కుళాయి నీళ్లు 28 డిగ్రీల్లో ఉంటే, వాటిని 40కి తేవడానికి సుమారు 0.2 యూనిట్లు, 60కి 0.56, 90కి 1.1 యూనిట్లు కావాలి. మోటారు ఖర్చు వేరే. చలికాలం ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుళాయి నీళ్లు 10 డిగ్రీలుంటే, అక్కడ 40కి పెట్టిన మన బంధువుకు దాదాపు ఇక్కడ మనం 60కి పెట్టినంత కరెంటు పడుతుంది. వాళ్లు 30 అని నొక్కి నీళ్లు కాచుకునే పని మనకు ఎండ చేసిపెడుతోంది. రోజువారీ చొక్కాలకు, చీరలకు, పిల్లల బట్టలకు హీటరు అవసరమే లేదని నేను గట్టిగా చెబుతాను. మన ఇళ్లలోని చాలా టాప్ లోడ్ మిషన్లకు అసలు హీటరే ఉండదు. దానికి బెంగపడక్కర్లేదు.

40 కావలసింది గట్టిగా పట్టిన జిడ్డుకు. చలికాలం గిన్నెలో పేరుకున్న నెయ్యి అరచేతి వేడికి కరగడం చూశాం కదా. కాలరు మీది చెమటజిడ్డు, దిండు గలీబుకు పట్టిన తలనూనె, వంటింటి మసిగుడ్డ కూడా అంతే. జిడ్డు మెత్తబడితేనే సబ్బు దాన్ని చుట్టుముట్టి నీళ్లలోకి లాగగలదు.

60ని జబ్బుపడినవాళ్ల పక్కబట్టలకు, తువ్వాళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్ల దుప్పట్లకు అట్టిపెట్టుకోవాలి. దుప్పట్లలో ఉండి ఉబ్బసాన్ని రేపే డస్ట్ మైట్లనే సూక్ష్మమైన పురుగులు చావాలంటే 55 నుంచి 60 డిగ్రీలు కావాలి. 40లో చాలావరకు బతికే ఉంటాయి. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఇక్కడ కరెంటుకు వెనకాడకూడదు. అయితే బోరు నీళ్ల ఇళ్లలో ఒక చిక్కుంది. ఉప్పునీళ్లు కాగితే గిన్నె అడుగున తెల్లపొర కట్టినట్టే, మిషన్ హీటరు మీదా సున్నం పేరుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా త్వరగా పడుతుంది.

ముసురు రోజుల్లో ఆరీ ఆరని బట్టల ముక్క వాసనకు మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతికితే డ్రమ్ములో, తలుపు రబ్బరు మడతల్లో కూడా బ్యాక్టీరియా జిగురు పేరుకుంటుంది. నెలకోసారి బట్టలు వేయకుండా మిషన్‌ను దానిలో ఉన్న అతి ఎక్కువ వేడిలో తిప్పండి. ఆ రబ్బరు మడత వేలితో తీసి ఒకసారి చూడండి, ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

చొక్కా లోపలి చీటీ మీద తొట్టి బొమ్మ, దానిలో అంకె ఉంటాయి. అది ఆ బట్ట ఓర్చుకోగల గరిష్ఠ వేడి. 60 అని ఉన్నంత మాత్రాన 60లోనే ఉతకాలని కాదు. 40 చాలు, 30 కూడా చాలు.

ఇక పసుపు. పప్పూ ఆవకాయా కలుపుకుంటుంటే తెల్ల పంచె మీద పడిన మరకకు సబ్బు రాయగానే అది ఎర్రబడుతుంది. చాలామంది కంగారుపడి వేణ్నీళ్లు పోస్తారు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పసుపవుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ ఇందుకే. కర్కుమిన్ నీళ్లలో కరిగేది కాదు, నూలుకు పట్టే రంగు. వేడి దాన్ని ఇంకా లోపలికి ఎక్కిస్తుంది. కానీ ఆ రంగు వెలుతురుకు నిలవదు. ఆవకాయ నూనె సబ్బుతో వదిలించి, పంచెను తడిగానే, మరక ఆకాశం వైపు ఉండేలా ఎండలో పరవాలి. పొద్దున పరిస్తే సాయంత్రానికి ఆ పసుపు వెలిసిపోతుంది. కొంచెం మిగిలితే మర్నాడు మళ్లీ తడిపి పరవాలి.