దీపం వెలిగింది... తప్పు సెన్సర్‌దేనా?

కారు బాగానే నడుస్తుంటుంది. డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలుగుతూ ఉంటుంది. 'ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాల్సిందే' అంటారు షెడ్డులో. వేలు పోసి మార్చాక కూడా ఆ దీపం ఆరకపోతే?

బందరు నుంచి గుడివాడలో పెళ్లికి బయల్దేరారనుకోండి. పెడన దాటి కవుతరం చేరేలోగా దీపం వెలిగింది. బండి ఆగలేదు, చప్పుడు మారలేదు. పెళ్లి భోజనం చేసి అదే కారులో తిరిగొచ్చేశారు. మర్నాడు షెడ్డులో స్టీరింగు కిందుండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే తెరమీద 'పి0135' అని పడింది. పొగగొట్టంలో ముందున్న ఆక్సిజన్ సెన్సర్ తాలూకు హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందని దానర్థం. అదే 'పి0141' అయితే వెనకున్న సెన్సర్‌ది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ కోడ్ చెబుతున్నది సర్క్యూట్‌లో లోపం ఉందని. సెన్సరే పాడైందని కాదు!

దివిసీమ రైతుకు ఈ తేడా చిటికెలో అర్థమవుతుంది. కాలువ చివరనున్న శివారు పొలం ఎండిపోతే తప్పు పొలానిదంటామా? నీరు ఎక్కడ ఆగిందో చూసుకుంటూ గట్టు వెంట పోతాం. సెన్సర్‌లోని హీటరూ అలాంటి శివారు పొలమే. బ్యాటరీ నుంచి రిలే, ఫ్యూజు, వైరు, కనెక్టరు దాటుకుని కరెంటు అక్కడిదాకా చేరాలి. తిరిగి వెళ్లే దారీ బాగుండాలి.

రాయి వేడెక్కితేనే...

బందరు రోల్డ్‌గోల్డ్ నగల్లో పొదిగే 'అమెరికన్ డైమండ్' రాళ్లు తెలుసుగా! ఆ రాళ్లలోనూ మామూలు రకం ఆక్సిజన్ సెన్సర్‌లోనూ ఉండే మూలపదార్థం ఒక్కటే... జిర్కోనియం డయాక్సైడ్. నగలో తళుక్కుమనే ఆ పదార్థం కారులో పింగాణీ రూపంలో, పల్చటి ప్లాటినం పూతతో పొగగొట్టంలో కూర్చుంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బయటిగాలితో పోల్చి చిన్నపాటి వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువైతే అది 0.9 వోల్టుల దగ్గరకు పోతుంది, తక్కువైతే 0.1 దగ్గరకు పడిపోతుంది. దాన్నిబట్టే కారులోని కంప్యూటర్ పెట్రోలు మోతాదు సరిచేస్తుంది.

అయితే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితేగానీ ఆ పింగాణీ పని మొదలుపెట్టదు. 1976లో బాష్ కంపెనీ సెన్సర్‌తో వోల్వో కార్లు వచ్చినప్పుడు పొగ వేడే దానికి దిక్కు. 1982లో బాష్ లోపలే హీటరు అమర్చిన రకాన్ని తెచ్చింది. ఆ హీటరు పనిచేయకపోతే సెన్సర్ నిద్రలేచేదాకా కంప్యూటర్ అంచనా లెక్కమీదే పెట్రోలు పోస్తుంటుంది. కోనేరు సెంటరు దాకా వెళ్లొచ్చే చిన్నచిన్న ప్రయాణాల్లోనే మైలేజీకి ఎక్కువ దెబ్బ. నెలల తరబడి వదిలేస్తే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ పాడుచేయొచ్చు. దాని ఖరీదు ముందు సెన్సర్ ఖరీదు ఏ మూలకి!

ఉప్పుగాలి ఊళ్లలో...

బందరు, కోడూరు, నాగాయలంక లాంటి చోట్ల సముద్రపుగాలిలోని ఉప్పు ఇనుమునే తినేస్తుంది. ఇక కనెక్టరులోని సన్నటి పిన్నులెంత? తేమ తోడైతే వాటికి ఆకుపచ్చని చిలుము పడుతుంది. వానాకాలం రోడ్లమీద నిలిచిన నీరు, వైర్లు కొరికే ఎలుకలు సరేసరి. వేడి గొట్టానికి ఆనుకుని వైరు కాలిపోవడమూ మామూలే.

అందుకే సెన్సర్ కొనేముందు ఈ వరస తప్పకూడదు. ఇంజిన్ చల్లారాకే చేయి పెట్టాలి.

* మొదట ఫ్యూజు చూడాలి. పోతే అదే ఆంపియర్లది వేయాలి. మళ్లీ పోయిందంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. పెద్ద ఫ్యూజు వేస్తే వైర్లు కాలతాయి.

* కనెక్టరు ఊడదీసి చిలుము, కాలిన మచ్చలు, కొరికిన గాట్లు ఉన్నాయేమో చూడాలి.

* కారు వైపునుంచి వచ్చే వైరులో సుమారు 12 వోల్టులు ఉండాలి. కొన్ని కార్లలో ఇంజిన్ నడుస్తున్నప్పుడే వస్తుంది. మీటరు 12 చూపినా నమ్మేయకూడదు. చిలుము పట్టిన వైరు కూడా ఉత్తప్పుడు 12 చూపిస్తుంది, చిన్న బల్బు తగిలిస్తే మసకబారుతుంది.

* సెన్సర్ వైపు హీటరు వైర్లు రెండూ సాధారణంగా ఒకే రంగులో ఉంటాయి. వాటి మధ్య రెసిస్టెన్స్ చాలా కార్లలో కొద్ది ఓమ్‌లే. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మీటరు అసలు కదలకపోతే లోపల హీటరు తెగిందని లెక్క. అప్పుడు మాత్రమే సెన్సర్ మార్చాలి.

* సెన్సర్ బాగుంది, కరెంటూ వస్తోంది... అయినా కోడ్ పోలేదా? చాలా కార్లలో ఎర్త్ దారిని కంప్యూటరే కలుపుతుంది. ఆ వైరు ఎక్కడైనా తెగిందేమో చూడాలి. కంప్యూటర్‌ని అనుమానించడం అన్నిటికన్నా చివర.

ఇవీ గుర్తుంచుకోండి

చిలుము పట్టకుండా కనెక్టరునిండా గ్రీజు కూరడం కొందరికి అలవాటు. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావలసిన బయటిగాలిని వైర్ల సందుల్లోంచే పీల్చుకుంటాయి. గ్రీజు ఆ దారిని మూసేస్తుంది. సెన్సర్ వైర్లను టంకం పెట్టి అతికించొద్దని చెప్పేదీ అందుకే.

దీపం నిలకడగా వెలుగుతుంటే భయపడక్కర్లేదు, వీలు చూసుకుని షెడ్డుకు వెళ్లొచ్చు. ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండటంలేదని అర్థం. బండిని పక్కకు ఆపేయాలి.

ఈ పరీక్షలకు కావలసింది ఓ మీటరు, ఓ బల్బు, కాస్త ఓపిక. ఈసారి ఎవరైనా 'సెన్సర్ మార్చాలి' అంటే జేబులో చేయి పెట్టేముందు ఒక్కమాట అడగండి... 'శివారుదాకా కరెంటు చేరుతోందా?' అని!