నాటకకర్త మాట, చిత్రరచయిత మౌనము: విజయ్ టెండూల్కర్

చలనచిత్ర రచన సాహిత్యమగునా, కాదా అను ప్రశ్న మన భాషాశాఖలలో ఇంకను తేలలేదు. నాటకమును పాఠ్యముగా స్వీకరించుచున్నాము. ఆ నాటకకర్తయే రచించిన చలనచిత్రమును మాత్రము దర్శకుని ఖాతాలో వ్రాసి ఊరకుందుము. ఇందువలన కలుగు నష్టమెట్టిదో మరాఠీ రచయిత విజయ్ టెండూల్కర్ (1928–2008) కృషిని పరిశీలించినచో స్పష్టమగును.

రంగస్థలమున టెండూల్కర్ బలము సంభాషణ. ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’ (1967) నాటకమున వినోదమునకై ఆరంభించిన ఉత్తుత్తి విచారణ క్రమముగా లీలా బేణారే అను ఉపాధ్యాయిని బ్రదుకుపై తీర్పుగా పరిణమించును. తుదిలో ఆమె సుదీర్ఘ స్వగతమే నాటకమునకు ప్రాణము. ‘ఘాశీరాం కోత్వాల్’ (1972) ఇందుకు భిన్నము. అందు పాటయు, ఆటయు, నటులు వరుసగా నిలిచి కట్టిన మానవకుడ్యమును కథను నడుపును. ఆ నాటకమును ప్రయోగించిన జబ్బార్ పటేల్ తరువాత చిత్రదర్శకుడై, ‘సింహాసన్’ (1979), ‘ఉంబరఠా’ (1982) చిత్రములను టెండూల్కర్ చేతనే వ్రాయించెను.

హిందీ చిత్రములలో విశేషమొకటి కానవచ్చును. ‘నిశాంత్’ (1975), ‘ఆక్రోశ్’ (1980) చిత్రములకు చిత్రానువాదము, అనగా స్క్రీన్‌ప్లే, టెండూల్కర్‌ది. సంభాషణలు సత్యదేవ్ దూబేవి. ‘మంథన్’ (1976) సంభాషణలను కైఫీ ఆజ్మీ, ‘అర్ధసత్య’ (1983) సంభాషణలను వసంత్ దేవ్ కూర్చిరి. తన ప్రధానాయుధమైన మాటను టెండూల్కర్ అన్యులకు అప్పగించెనన్నమాట. మరి ఆయనకు మిగిలినదేమి? సంఘటనల పొందిక, అధికార సంబంధముల చిత్రణ, ఏ పాత్ర ఎప్పుడు పలుకవలెను, ఎప్పుడు మౌనము వహింపవలెను అను నిర్ణయము. ఇది రచన కాదనుటకు వీలులేదు. ‘మంథన్’ చిత్రానువాదమునకు ఆయనకు జాతీయ పురస్కారము లభించినది.

‘ఆక్రోశ్’ ఇందుకు చక్కని ఉదాహరణము. భార్యను చంపినాడను నేరము మోపబడిన లహాణ్యా భీకూ తన పక్షమున వాదించు న్యాయవాదితో సైతము పెదవి విప్పడు. చిత్రాంతమున, తండ్రి అంత్యక్రియలవేళ, చెల్లెలికి కూడ భార్యకు పట్టిన గతియే పట్టకుండుటకై ఆమెను నరికివేసి గుండె పగులునట్లు అరచును. చుట్టునున్నవారు శిలలవలె నిలిచియుండగా బేణారే మాట్లాడెను. అడుగువాడుండియు భీకూ మాట్లాడడు. ఒకచోట వాక్కు, వేరొకచోట మౌనము సంఘముపై అభియోగములైనవి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింపనివారికి టెండూల్కర్ సగమే తెలియును.

టెలివిజన్‌కును ఆయన దూరము కాలేదు. 1990లలో వచ్చిన ‘స్వయంసిద్ధ’ ధారావాహికను రచించెను. కుమార్తె ప్రియా టెండూల్కర్ అందు ప్రధానపాత్ర ధరించెను. ప్రతి భాగమును కొంతవరకు స్వయంపూర్ణము కావలసిన ధారావాహికలో, చిత్రమంతటను వ్యాపించిన భీకూ మౌనము వంటిదానికి అవకాశము స్వల్పము. మాధ్యమము మారినప్పుడు రచనానియమమును మారుననుటకు ఇదియొక నిదర్శనము.

తెలుగువారికి ‘నిశాంత్’ ప్రత్యేకముగా చింతనీయము. 1945 నాటి గ్రామమును, తెలంగాణ దొరల దౌర్జన్యమును అది చిత్రించును. చిత్రానువాదము మరాఠీ రచయితది, సంభాషణ హిందీ, దర్శకుడు హైదరాబాదు ప్రాంతమున పుట్టి పెరిగిన శ్యాం బెనెగల్. దీనిని ఏ భాషా సాహిత్యచరిత్రలో చేర్చవలెను? ఒక్క భాషకే పరిమితమైన చరిత్రలో దీనికి చోటు దొరకదు. కనుకనే ఎవ్వరును పట్టించుకొనరు. నాటకము అచ్చులో నిలుచును. చిత్రానువాద ప్రతి సాధారణముగా చిత్రీకరణతోనే మరుగగును. అట్టి ప్రతులను సేకరించి, భాషాశాఖలన్నియు కలిసి పరిష్కరింపవలెను. లేనిచో బహుభాషా రచయితల కృషిలో ఒక పెద్ద భాగము మన చేజారిపోవును.